పొడి, సన్న, చిన్న

నా మాటల్ని మా ఇంట్లో తరుగు తీసి వింటారు. పట్టుగూళ్ళ సంతలో తడి ఉందని తూకంలో కొంత కొట్టేస్తారు చూడండి, అట్లా. నేను పాము చూశానంటే మా ఆవిడ వానపాము అనుకుంటుంది. పదిమంది చుట్టాలు వస్తున్నారంటే ముగ్గురికి బియ్యం కడుగుతుంది. ఇంతవరకు ఏనాడూ అన్నం మిగల్లేదు, చాలకపోనూ లేదు. కాబట్టి ఇది చదివే కుర్రకారు, ముఖ్యంగా కంప్యూటరు ముందు కూర్చుని పొట్ట పోసుకునేవాళ్ళు ముందే తెలుసుకోండి: నేను పెంచి చెబుతాను. అది నాకు బాగా వచ్చిన విద్య. ప్రోగ్రాములు రాయడం రెండో విద్య. అందులో నేనెంత ఘనుణ్ణో ఇప్పుడు చెప్పబోతున్నాను.

కోలారు బంగారు గనులు మూతబడిన కొన్నేళ్ళకు నేను వేమగల్‌లో ఒక ఫ్యాక్టరీలో చేరాను. ఫ్యాక్టరీ అంటే పొగగొట్టాలూ సైరన్లూ ఊహించుకోకండి. ఒక రేకుల షెడ్డు. ఎండాకాలం మధ్యాహ్నం ఆ రేకుల కింద కూర్చుంటే టీ దానంతటదే మరిగేది. అక్కడ పట్టుగూళ్ళు ఎండబెట్టే ఓవెన్లు తయారుచేసేవాళ్ళం. గూటిలోని పురుగు రెక్కలొచ్చి గూడు తొలుచుకుని బయటపడక ముందే వేడిగాలిలో ఎండబెడితే ఆ గూళ్ళు నెలల తరబడి నిలవుంటాయి. ఆ రోజు సంతలో దొరికిన ధరకే తెగనమ్ముకునే కర్మ రైతుకు తప్పుతుంది. వేడి నూట పది డిగ్రీలకు రావాలి, అక్కడ కాసేపు నిలవాలి, మెల్లగా దిగాలి. ఆ వేడిని చూసుకునే చిన్న చిప్పుకు సీ భాషలో ప్రోగ్రాము రాయడం మా పని. ప్రతి కొత్త ఓవెనుకూ మొదటినుంచి రాసుకోకుండా అన్నిటికీ పనికొచ్చే ముక్కల్ని ఒకచోట పెట్టుకున్నాం. దాన్ని లైబ్రరీ అంటారు. పుస్తకాలుండవు, బీరువా ఉండదు, నిశ్శబ్దం అసలే ఉండదు.

దాన్ని రాసింది ముగ్గురం. నేను క్యాసంబళ్ళి తెలుగువాణ్ణి. రెండో మనిషి కేజీఎఫ్ ఆండర్సన్‌పేట నుంచి వచ్చే తమిళ అమ్మాయి. ఆదివారం చర్చిలో పాడే గొంతుతోనే సోమవారం మా తప్పులు చదివి వినిపించేది. మూడోవాడు కోలారు కన్నడిగుడు. సగం రాసి, మిగతా సగం మాకు వదిలి, బెంగుళూరు కంపెనీకి ఎగిరిపోయాడు.

సీ భాషలో ప్రతి అంకెనూ ఒక డబ్బాలో పెట్టాలి. డబ్బా ఎంతది, అందులో మైనస్ అంకెలు పడతాయా పడవా అన్నది ముందే చెప్పాలి. ఆ డబ్బా రకానికి మనకు నచ్చిన పేరు పెట్టుకోవచ్చు. ఈ స్వేచ్ఛే మా కొంప ముంచింది. అన్నిటికంటే చిన్న డబ్బాకు నేను 'చిన్న' అని పెట్టాను. కన్నడిగుడు 'సన్న' అన్నాడు. ఆ అమ్మాయి 'పొడి' అంది. పెద్ద డబ్బాకు పెద్ద, దొడ్డ, పెరుసు. అక్షరాలన్నీ ఇంగ్లీషువే, భాష మాత్రం ఎవరిది వాళ్ళది. తమాషాకు మొదలుపెట్టాం. ఓనరుకు చూపిస్తే పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ పొట్ట పట్టుకోవడానికి ఇద్దరు మనుషుల సాయం కావాలి. ఆయన నవ్వాడు కాబట్టి తమాషా కాస్తా రూలైపోయింది.

ఆ 'పొడి'ని నేను ఏడాదిపాటు తెలుగు పొడి అనుకున్నాను. తడీ పొడీ అంటామే, ఆ పొడి. ఎండబెట్టే ఓవెను కదా, గూళ్ళు ఎంత పొడిగా ఉన్నాయో అందులో పెడుతోంది కాబోలు, ఎంత ముందుచూపున్న పిల్ల అని మెచ్చుకున్నాను కూడా. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను.

"ఏమ్మా, తేమ కొలిచే మీటరే మన దగ్గర లేదు కదా. ఈ పొడి లెక్క యాడనుంచి తెస్తా ఉండావు?"

ఆమె రెండు చేతులతో తల పట్టుకుంది. "అయ్యో అన్నా! పొడి అంటే చిన్నది. మా అమ్మ మా తమ్ముణ్ణి పొడిసు, పొడిసు అని పిలస్తాదే, అది. ఏడాదిగా దీన్ని ఏమని చదివితివి నువ్వు?"

షెడ్డంతా నవ్వింది. రేకులు కూడా నవ్వాయి. ఆ తర్వాత నెల రోజులు నేను టీ అడిగితే "పొడి వేసిందా, తడి వేసిందా?" అని అడిగారు. నవ్వనివాడు ఒక్కడే. గంటాయన.

గంటాయన మా టెస్టింగు మనిషి. గనిలో మనుషుల్ని కిందికి దించే బోను దగ్గర గంటలు కొట్టే పని ఇరవై ఏళ్ళు చేసి, గని మూతబడ్డాక మా దగ్గర చేరాడు. పొద్దున్నే కేజీఎఫ్‌లో బస్సెక్కి, కోలారులో దిగి ఇంకో బస్సెక్కి, మా అందరికంటే ముందొచ్చి షెడ్డు తలుపు తీసేవాడు. ప్రతి ఓవెనూ ఊరికి పోకముందు దాన్ని కాల్చి, చల్లార్చి, గంట మోగించి చూసి, టెస్టు షీటు మీద సంతకం పెట్టేది ఆయనే. అవును, మా ఓవెనుకూ ఒక గంట ఉంది. ఏదైనా చెడిపోయి వేడి నూట ముప్పైకి చేరితే ఆ గంట మోగాలి, కరెంటు దానంతటదే తెగిపోవాలి. మిగతా ప్రోగ్రామంతా గూళ్ళ కోసం. ఆ ముక్క మనుషుల కోసం.

ఆయన నా బల్ల దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"ఒకేదానికి మూడు పేర్లా అప్పా?"

"అలవాటైపోయిందన్నా."

"గని షాఫ్టులో అరవోళ్ళు ఉండిరి, తెలుగోళ్ళు ఉండిరి, మలబారోళ్ళు ఉండిరి. తిట్టుకునేది ఎవురి భాషలో వాళ్ళు. గంట మాత్రం అందరికీ ఒకటే. ఒకటి కొడితే ఆపు. రెండు కొడితే దించు. మూడు కొడితే మనుషులు ఎక్కినారు, మెల్లగా. అరవోడికొక గంట, నీకొక గంట అని పెట్టింటే ఈపొద్దు నీ ముందర నిలబడి మాట్లాడతా ఉందునా నేను?"

"ఇది గని కాదన్నా, సాఫ్టువేరు."

"అట్లయితే ఇంగా సులువు కదప్పా. ఒక పేజీ రాసి గోడకంటించు. ఏది ఏ డబ్బానో, దాని పేరేమో. బూదికోట ఓవెను ఇంగ తయారైపోయినాది, గంట కూడా చూసినాను, బాగా మోగతాది. కానీ నువ్వు ఆ పేర్ల గలీజు సరిచేసేదాకా షీటు మీద సంతకం పెట్టను."

ఆయన చెప్పింది అక్షరాలా సరైన మాట. దేశదేశాల పండితులు పెద్ద పెద్ద గ్రంథాల్లో చెప్పే విషయాన్ని మూడు గంటల్లో తేల్చేశాడు. నాకు ఒళ్ళు మండింది అందుకే. తప్పు చెబితే నవ్వి ఊరుకునేవాణ్ణి.

బూదికోట ఓవెను అక్కడి మహిళా సంఘానిది. చుట్టుపక్కల ఊళ్ళ గూళ్ళన్నీ అందులోనే ఎండాలి. ఓనరు గంటకోసారి వచ్చి వ్యాను ఎప్పుడు కదులుతుందని అడుగుతున్నాడు. తమిళ అమ్మాయి కాన్పుకు సెలవు పెట్టింది, ఆండర్సన్‌పేటలో బిడ్డ పుట్టి పది రోజులైంది. ఇక నేనే మిగిలాను. ఒక మధ్యాహ్నం కూర్చుని అంతా ఒకటి చేసేశాను. సన్న ఉన్నచోటల్లా చిన్న. పొడి ఉన్నచోటల్లా చిన్న. ఒక్క మీట నొక్కితే వందల చోట్ల మారిపోయింది. వేలని రాయబోయి తరుగు నేనే తీశాను.

కంపైలరు ఒక్కచోట అరిచింది. వేడిని అదుపుచేసే భాగంలో కన్నడిగుడి సన్న, అమ్మాయి పొడి రెండూ ఉన్నాయి. ఇప్పుడు రెండూ 'చిన్న' అయిపోయేసరికి, ఒకే పేరుకు రెండు అర్థాలు చెబుతున్నావు, ఏది నిజం అని అడిగింది. చాలా మర్యాదైన ప్రశ్న. ఒకదాని కింద ఒకటి, ఏది ఏ డబ్బానో చెప్పే రెండు లైన్లు. ఒకటి తీసేస్తే దాని నోరు మూతపడుతుంది. పై లైను తీసేశాను. పైదే ఎందుకంటే, కర్సరు అక్కడుంది.

ఇది జాగ్రత్తగా వినండి, నా ఉద్యోగ జీవితమంతా ఈ నాలుగు మాటల్లో ఉంది. కన్నడిగుడి సన్నలో మైనస్ పట్టదు. సున్నా నుంచి రెండువందల యాభై అయిదు దాకా పోతుంది. అందుకే వేడిని అతను అందులో పెట్టాడు. అమ్మాయి పొడిలో మైనస్ పడుతుంది. దానికి బదులుగా పైన నూట ఇరవై ఏడుకే నిండిపోతుంది. ఇంకొకటి కలిపితే పల్టీ కొట్టి మైనస్ నూట ఇరవై ఎనిమిది అవుతుంది. కావలసిన వేడికీ ఉన్న వేడికీ తేడాను ఆమె అందులో పెట్టింది, తేడా మైనస్సూ కావచ్చు కాబట్టి. ఇద్దరూ తెలిసే రాశారు. మూడు భాషల్లో మూడు మాటలకూ అర్థం ఒకటే, డబ్బాలు మాత్రం వేరు. నేను మాటలకు అర్థం చూశాను, డబ్బాల మూత తీసి చూడలేదు. నేను తీసేసిన పై లైను కన్నడిగుడి సన్నది, మిగిలింది పొడిది. ఆ క్షణం నుంచి మా ఓవెను వేడి నూట ఇరవై ఏడు దాటి లెక్కపెట్టలేదు. నూట ముప్పైకి మోగాల్సిన గంట ఇక ఎన్నటికీ మోగదు.

ఆండర్సన్‌పేటకు ఒక్క ఫోను చేసుంటే బిడ్డను ఒళ్ళో పెట్టుకునే ఆమె చెప్పేది. ఫోను నా బల్ల మీదే ఉంది. పొడి గురించి ఇంకోసారి అడిగి ఇంకో నెల నవ్వులపాలు కావడం నాకు ఇష్టం లేకపోయింది.

గంటాయన్ని పిలిచి తెర చూపించాను. ఎక్కడ చూసినా చిన్న, చిన్న, చిన్న. ఆయన మొహం వెలిగిపోయింది.

"భేష్ అప్పా. ఇంగ గంట మల్లా ఒకసారి చూసేస్తాను. సగం రోజు పడతాది."

బయట వ్యాను హారను కొడుతోంది. "గంట మొన్ననే చూస్తివి కదన్నా. నేను మార్చింది పేర్లే. లోపల ఏమీ ముట్టుకోలేదు."

"పేర్లేనా?"

"పేర్లే."

ఆయన జేబులోంచి పెన్ను తీశాడు. "షాఫ్టులో కింది మనిషి గంట కొట్టినాడంటే పైనోడు నిజమా అని మల్లా అడగడు. నువ్వు చెప్తివి, చాలు." సంతకం పెట్టాడు. ఇంగ్లీషులో, పొడుగ్గా, ఒక్కొక్క అక్షరం విడివిడిగా.

నెల దాటింది. ఒక మధ్యాహ్నం బూదికోట నుంచి ఫోను. నేనూ గంటాయనా వ్యానెక్కి వెళ్ళేసరికి ఊరి పొలిమేరకే కమురు వాసన వచ్చింది. ఓవెను తలుపు తీసి ఉంది. లోపల తెల్లగా ఉండాల్సిన గూళ్ళు కాఫీ గింజల్లా మాడిపోయి ఉన్నాయి. హీటరు స్విచ్చి ఆన్‌లోనే అతుక్కుపోయింది. స్విచ్చిలన్నాక అతుక్కుపోతాయి. గంట పెట్టిందే అందుకు.

సంఘం పెద్దావిడ నడుముకు కొంగు చుట్టి నిలబడి ఉంది. నన్ను చూడలేదు, గంటాయన్నే చూసింది.

"ఏమన్నా, ఓవెను పెట్టిన పొద్దు మీరే కదా చెప్పింది? గంట మోగితే మెయిన్ ఆపండి, మోగనంతవరకూ భయం లేదని. మేము చెవులు పెట్టుకొని కూర్చుంటిమి. తలుపు దగ్గరికి పోతే మొగం కాలతా ఉండాది, మీ మిషనేమో మైనస్ నూటా ఇరవై అంటాది. మైనస్! మేముండేది బూదికోటలోనా, మంచుకొండల్లోనా?"

వెనకనున్న ఇద్దరు ఆడవాళ్ళు కిసుక్కున నవ్వి, వెంటనే ఏడ్చారు. నాలుగూళ్ళ గూళ్ళవి. పెద్దావిడే చివరికి మెయిన్ లాగేసిందట, మా మిషన్ని నమ్మడం మానేసి.

గంటాయన వాళ్ళు వేడి రాసుకునే పుస్తకం తెరిచి ఆ మైనస్ గీత మీద వేలు పెట్టాడు. తర్వాత నావైపు తిరిగాడు.

"పేర్లే అంటివే అప్పా."

షెడ్డుకు తిరిగొచ్చి తప్పు పట్టుకోవడానికి నాకు పది నిమిషాలు కూడా పట్టలేదు. ఆయన్ని పిలిచి చూపించాను. నేను తీసేసిన లైను, దాని కింద మిగిలిన లైను. ఆయనకు సీ భాష రాదు. అయినా మొత్తం అర్థమైంది.

"పేర్లు ఒకటి చెయ్యమంటే ఆపే గంట, దించే గంట కూడా ఒకటి చేసేస్తివి," అన్నాడు. కోపంగా కాదు, కొలత రాసుకుంటున్నట్టు. "రేపు ఓనరు ముందర చెప్తావు కదా?"

"చెప్తానన్నా."

ఆయన మళ్ళీ అడగలేదు.

మర్నాడు పొద్దున ఓనరు గదిలో సభ. సంఘం పెద్దావిడ వచ్చింది. టెస్టు షీటు బల్ల మీద ఉంది. ఓనరు పొట్ట ఆ రోజు నవ్వలేదు.

"ఈ సంతకం యారిది?" అన్నాడు ఓనరు.

"నాదే సార్," అన్నాడు గంటాయన.

"ప్రోగ్రాము మార్చినాక గంట టెస్టు చేసినావా?"

"లేదు సార్."

"యాకె? ఎందుకు చెయ్యలేదు? ఇరవై ఏండ్లు గంట కొట్టినోడివి. నీకొకరు చెప్పల్లనా?"

నేను చెప్పిన మాట మీదే సంతకం పెట్టానని గంటాయన అనొచ్చు. అనలేదు.

"పేర్లు మార్చండి, పేర్లు మార్చండి అని ప్రాణం తీసింది కూడా నువ్వే కదప్పా? అంతకుముందు బాగానే నడుస్తా ఉండె కదా?"

అప్పుడు నేను లేవబోయాను. కుర్చీ వెనక్కి జరిగి కిర్రుమంది. నా పక్కనే కూర్చున్న గంటాయన బల్ల కింద చెయ్యి చాచి నా మోకాలు నొక్కి పట్టాడు. గనిలో గంట కడ్డీలు లాగిన చెయ్యి. చిన్నగా, నాకొక్కడికే వినపడేట్టు అన్నాడు: "కూర్చో అప్పా. నాకు గనితోనే అన్నీ అయిపోయినాయి. నీకు ఇంగా ముందర ఉండాది."

నేను కూర్చున్నాను.

ఆ సాయంత్రమే ఆయన్ని తీసేశారు. షెడ్డు తాళంచెవి నా బల్ల మీద పెట్టి, కోలారు బస్సు కోసం రోడ్డు మీదికి నడిచి వెళ్ళాడు. గని మూసినప్పుడు ఊరంతా కలిసి రోడ్డున పడింది. పక్కన మాట్లాడుకోవడానికి మనుషులుండిరి. ఈసారి ఒక్కడే.

తర్వాత నాకు అంతా మంచే జరిగింది. మైనస్ పట్టే డబ్బాకు ఒక పేరు, పట్టనిదానికి వేరే పేరు, ప్రతి పేరుకూ ఒకేచోట ఒకే అర్థం అని ఒక పేజీ రాసి గోడకంటించాను. కింద నా పేరు. ఓనరు అందరినీ పిలిచి, చూడండ్రా క్రమశిక్షణ అంటే, అని చూపించాడు. కొత్తగా చేరినవాళ్ళకు ఆ పేజీ మీద పాఠం చెప్పేది నేనే. దాంతోనే పెద్దవాణ్ణయ్యాను, దాంతోనే నడుమూ కళ్ళూ పోగొట్టుకుని, యాభై దాటకముందే ఇంట్లో కూర్చున్నాను. పాఠం మీకూ చెబుతాను, ఉచితం: రెండు పేర్లను ఒకటి చేసేముందు అవి మోసే వస్తువు ఒకటేనా అని మూత తీసి చూడండి. అడగాల్సిన మనిషి నవ్వుతుందని అడగడం మానకండి. కాన్పు నుంచి తిరిగొచ్చిన ఆ అమ్మాయి నేను మార్చిన ఫైలు ఒక్కసారి చదివింది. నాతో మాట్లాడాల్సి వచ్చినప్పుడు ఆ తర్వాత అన్నా అనడం మానేసింది.

ఇక తరుగు. టీ దానంతటదే మరగలేదు. రేకులు నవ్వలేదు. ఓనరు పొట్ట పట్టుకోవడానికి ఒక మనిషి చాలు. కమురు వాసన పొలిమేరదాకా రాలేదు, వీధి మలుపుదాకా వచ్చింది. ఇవన్నీ పెంచినవి. లేనిదాన్ని కల్పించింది ఒక్కచోటే.

ఆ గదిలో గంటాయన నా పక్కన కూర్చోలేదు. ఆయనకు కుర్చీ వెయ్యలేదు. తలుపు దగ్గర నిలబడ్డాడు. 'కూర్చో అప్పా' అని ఆయన అన్నట్టు రాసిన ఆ మాట నాది. చాలా ఏళ్ళు దిద్దుకుంటూ వచ్చాను, అందుకే అంత బాగా కుదిరింది. అంతకుముందు బాగానే నడిచేది కదా అని ఓనరు అడిగినప్పుడు ఆయన నావైపు చూశాడు. ఒక మనిషి లేచి నిలబడటానికి ఎంతసేపు కావాలో అంతసేపూ చూశాడు. నా కుర్చీ కిర్రుమనలేదు. బల్ల కింద నా మోకాలు నొక్కి పట్టుకున్నది నా చెయ్యే.